సిమ్యులేషన్ ముగిశాక టెర్మినల్‌లో ఏమేం చూడాలి: సిలికాన్ లెక్కతో అంచెలంచెలుగా

క్లస్టర్‌లో జాబ్ పూర్తయిందని తెలియగానే చాలామంది నేరుగా బ్యాండ్ల (పదార్థంలో ఎలక్ట్రాన్లకు అందే ఎనర్జీల) బొమ్మ గీయడానికి కూర్చుంటారు. ఆ పనిని చివరికి పెట్టుకోమని నా మనవి. బొమ్మలు గీసే టూల్స్‌కి మంచి ఫైలు, చెడ్డ ఫైలు అన్న తేడా తెలియదు. మధ్యలో ఆగిపోయిన లెక్కను ఇచ్చినా అంతే అందంగా గీతలు గీసి చేతిలో పెడతాయి. అందుకే ఫలితాన్ని వాడుకునే ముందు ఫైలునే కొన్ని ప్రశ్నలు అడగాలి. గ్రెప్ (మాటలు వెతికేది), ఆక్ (కాలమ్‌లు చదివేది), టెయిల్ (చివరి లైన్లు చూపేది) లాంటి చిన్న కమాండ్లతో ఆ ప్రశ్నలన్నీ నిమిషాల్లో అడిగేయవచ్చు. పైగా అడిగిన ప్రశ్న ఒక లైన్‌గా మిగులుతుంది కాబట్టి రేపు యాభై ఫోల్డర్లను అదే ప్రశ్న అడగవచ్చు. మౌస్‌తో క్లిక్ చేసి చూసినదానికి ఆ సౌకర్యం లేదు.

ఉదాహరణకి రెండు పరమాణువుల సిలికాన్ ప్రిమిటివ్ సెల్ (స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే అతి చిన్న గడి) తీసుకుందాం. సాఫ్ట్‌వేర్ వాస్ప్ (పదార్థాల్లో ఎలక్ట్రాన్ల ఎనర్జీలు లెక్కించే ప్రోగ్రామ్), ఫంక్షనల్ (ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావానికి వాడే ఉజ్జాయింపు సూత్రం) పీబీఈ (1996లో పెర్డ్యూ, బర్క్, ఎర్న్‌జెర్‌హోఫ్ ప్రతిపాదించినది). సిలికాన్‌నే ఎందుకంటే దాని జవాబులు మనకు ముందే తెలుసు, తప్పు చేస్తే వెంటనే పట్టుబడుతుంది. కొత్త పదార్థం మీద పద్ధతి నేర్చుకోకండి. తెలిసిన పదార్థం మీద నేర్చుకుని, తర్వాత కొత్తదానికి వెళ్ళండి.

ఒక మాట: కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మామూలుగానే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. గ్రెప్, ఆక్ లాంటి కమాండ్లన్నీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవుట్‌కార్, ఓస్జికార్ లాంటి వాస్ప్ ఫైళ్ల పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

మొదట: లెక్క అసలు ముగిసిందా?

ముందుగా ఫలితాల ఫోల్డర్‌కి కాపీ తీసుకోండి. అసలు ఫోల్డర్‌కి సీహెచ్‌మాడ్ కమాండ్‌తో రాసే అనుమతి తీసేయండి. అవుట్‌పుట్‌ని ఫైలులోకి మళ్ళించే రీడైరెక్ట్ గుర్తు ఒక్కటి తప్పుగా పడి మూడు రోజుల లెక్క తుడిచిపెట్టుకుపోవడం నాకు అనుభవమే. అప్పటినుంచి ఈ అలవాటు వదల్లేదు.

కాపీలోకి వెళ్లి ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ కొట్టి ఫైళ్ల సైజులు, సమయాలు చూడండి. కాంట్‌కార్ (పరమాణువుల తాజా స్థానాలు ఉండే ఫైలు) సున్నా బైట్లు ఉంటే జాబ్ మొదటి అయానిక్ స్టెప్ (పరమాణువులను కదిపే ఒక అడుగు) కూడా దాటలేదన్నమాట. తర్వాత టెయిల్‌తో అవుట్‌కార్ (లెక్క వివరాలన్నీ ఉండే ఫైలు) చివరి ఇరవై లైన్లు తెరపైకి తెచ్చుకోండి. లెక్క సవ్యంగా ముగిస్తే అక్కడ మొత్తం సీపీయూ టైమ్, గడిచిన సమయం, వాడిన మెమరీ, అన్నిటికంటే చివర వాలంటరీ కాంటెక్స్ట్ స్విచెస్ అనే లైన్ కనిపిస్తాయి. ఆ పట్టిక లేకుండా ఫైలు ఏదో ఒక అంకె దగ్గర తెగిపోయి ఉంటే, జాబ్‌కి ఇచ్చిన సమయం చాలలేదు, లేదా మెమరీ చాలలేదు, లేదా డిస్క్ నిండింది. కారణం క్యూ సిస్టమ్ రాసిన ఎర్రర్ ఫైలులో ఉంటుంది. అది చదవకుండా మళ్ళీ సబ్మిట్ చేయకండి.

వాస్ప్ బదులు క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే ప్రోగ్రామ్ వాడేవారికి ఇదే పని ఇంకా తేలిక. ఫైలు చివర జాబ్ డన్ అని ఉంటుంది. కన్వర్జ్ అయిన (మారడం ఆగి స్థిరపడిన) మొత్తం ఎనర్జీ లైన్ మొదట్లో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుంది కాబట్టి గ్రెప్‌తో ఆ గుర్తును వెతికితే చాలు. అయితే అక్కడ ఎనర్జీ రిడ్‌బర్గ్‌లలో వస్తుంది. ఒక రిడ్‌బర్గ్ అంటే 13.6057 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు.

ముగిసింది సరే, కన్వర్జ్ అయిందా?

ఈ అంచె దగ్గర తొందరపడకండి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

వాస్ప్‌లో రెండు లూపులు ఒకదానిలో ఒకటి నడుస్తాయి. లోపలి లూపు ఎలక్ట్రాన్లది: పరమాణువులను కదలనివ్వకుండా ఎనర్జీ మారడం ఆగేదాకా తిరుగుతుంది. బయటి లూపు అయాన్లది: బలాలు తగ్గేదాకా పరమాణువులను కదుపుతుంది. రెండిటికీ గరిష్ఠ సంఖ్య ఉంటుంది. లోపలిదానికి ఆ హద్దు ఎన్‌ఈఎల్‌ఎమ్, మీరేమీ చెప్పకపోతే 60. బయటిదానికి ఎన్‌ఎస్‌డబ్ల్యూ. హద్దు తగిలి ఆగిపోయినా వాస్ప్ మామూలుగానే ముగుస్తుంది, చివర ఆ సమయాల పట్టికను కూడా బుద్ధిగా రాస్తుంది. కాబట్టి పట్టిక ఉన్నంత మాత్రాన సరిపోదు.

బయటి లూపు సంగతి తెలుసుకోవడానికి అవుట్‌కార్‌లో గ్రెప్‌తో 'రీచ్డ్ రిక్వైర్డ్ అక్యురసీ' అన్న మాటలు వెతకండి. రిలాక్సేషన్ లెక్కలో (పరమాణువులను సర్దుకోనిచ్చే లెక్కలో) అవి కనిపించకపోతే నిర్మాణం ఇంకా సర్దుకోలేదు. అప్పుడు కాంట్‌కార్‌ని పోస్‌కార్‌గా (మొదటి స్థానాలు ఇచ్చే ఇన్‌పుట్ ఫైలుగా) కాపీ చేసి లెక్కను కొనసాగించడమే దారి.

లోపలి లూపుకి ఓస్జికార్ చూడాలి. అందులో ఒక్కో ఎలక్ట్రానిక్ స్టెప్‌కి ఒక్కో లైన్ ఉంటుంది. ఆ లైన్ మొదట్లో డీఏవీ అనో ఆర్‌ఎంఎం అనో, రెండో కాలమ్‌లో స్టెప్ నంబరు ఉంటాయి. ఆక్‌కి ఇలా చెప్పండి: మొదటి కాలమ్ ఈ రెండిటిలో ఏదైనా అయి, రెండో కాలమ్ 60 అయితే ఆ లైన్ నంబరు ప్రింట్ చెయ్యి. ఏమీ రాకపోతే మంచిది. వచ్చిన లైన్ చివరి అయానిక్ స్టెప్‌దైతే ఆ ఎనర్జీని వాడకూడదు. మధ్య స్టెప్‌లలో ఎక్కడో ఒకటి వస్తే అంత టెన్షన్ అక్కర్లేదు. తర్వాతి స్టెప్‌లు కుదురుగా ఉన్నాయో లేదో చూస్తే సరిపోతుంది.

ఇంకొకటి. సెల్ వాల్యూమ్ కూడా మారేలా (సెట్టింగుల ఫైలు ఇన్‌కార్‌లో ఐసిఫ్ 3తో) రిలాక్స్ చేసి ఉంటే, 'రీచ్డ్' అన్న మాట వచ్చినా మరోసారి రన్ చేయాలి. వాస్ప్ మొదటి సెల్‌కి సరిపడా ప్లేన్‌వేవ్‌లను (ఎలక్ట్రాన్లను వర్ణించే తరంగాలు, వీటి సమూహమే బేసిస్) ఎంచుకుని చివరిదాకా వాటితోనే నడుస్తుంది. సెల్ మారాక అవి కొత్త సెల్‌కి సరిగ్గా సరిపోవు. పూలే స్ట్రెస్ అనే కృత్రిమ ఒత్తిడి పుట్టేది ఇందువల్లే. కాంట్‌కార్ నుంచి కొత్తగా మొదలుపెడితే బేసిస్ మళ్ళీ ఏర్పడుతుంది. రెండోసారి ఒకటి రెండు స్టెప్‌లలో ముగిస్తే నిర్మాణం కుదిరినట్టే.

ఎనర్జీని సరైన లైన్ నుంచి తీయడం

అవుట్‌కార్‌లో టోటెన్ (మొత్తం ఎనర్జీ) అని వెతికితే కుప్పలు తెప్పలుగా లైన్లు వస్తాయి. ఎందుకంటే ప్రతి ఎలక్ట్రానిక్ స్టెప్‌లోనూ అది ప్రింట్ అవుతుంది. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఎలక్ట్రానిక్ స్టెప్ లైన్‌లో 'ఫ్రీ', 'ఎనర్జీ' అన్న మాటల మధ్య ఒక్క ఖాళీ ఉంటుంది. అయానిక్ స్టెప్ పూర్తయ్యాక వచ్చే లైన్‌లో రెండు ఖాళీలు ఉంటాయి. కొటేషన్లలో రెండు ఖాళీలు పెట్టి వెతికితే ఒక్కో అయానిక్ స్టెప్‌కి ఒక్క లైన్ మాత్రమే వస్తుంది. దాన్ని టెయిల్ హైఫన్ 1కి పైప్ చేస్తే (నిలువు గీత గుర్తుతో పంపిస్తే) చివరి విలువ చేతికొస్తుంది.

దాని కిందే సిగ్మా (స్మియరింగ్ వెడల్పు) సున్నాకి చేరినప్పటి ఎనర్జీ కూడా ఉంటుంది. స్మియరింగ్ (నిండిన, ఖాళీ స్థితుల మధ్య అంచును కాస్త మెత్తబరచడం) వాడిన లోహాలకు ఈ రెండిటికీ తేడా ఉంటుంది, పోల్చేటప్పుడు సిగ్మా సున్నా విలువే తీసుకోండి. సిలికాన్ లాంటి గ్యాప్ (నిండిన, ఖాళీ బ్యాండ్ల మధ్య ఎలక్ట్రాన్లకు చోటులేని ఎనర్జీ మేర) ఉన్న పదార్థానికి స్మియరింగ్ వెడల్పు చిన్నదైతే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

మన సిలికాన్ సెల్‌కి సుమారు మైనస్ 10.8 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు రావాలి. పరమాణువుకి మైనస్ 5.4. ఈ అంకెకి సొంతంగా అర్థం లేదు. వాస్ప్ పొటెన్షియల్ ఫైలులోని (కేంద్రకం, కోర్ ఎలక్ట్రాన్ల ప్రభావాన్ని చెప్పే ఫైలు) రిఫరెన్స్ పరమాణువు నుంచి కొలిచినది అది. ఒకే పొటెన్షియల్, ఒకే కటాఫ్ (ప్లేన్‌వేవ్‌ల ఎనర్జీకి పెట్టిన పై హద్దు), ఒకే సాంద్రత ఉన్న కే పాయింట్లతో (ఎలక్ట్రాన్ తరంగాలను లెక్కించే నమూనా బిందువులతో) చేసిన రెండు లెక్కల మధ్య తేడాకే విలువ. వేర్వేరు కటాఫ్‌లతో చేసిన ఎనర్జీలను తీసివేసి ఫార్మేషన్ ఎనర్జీ అని రాసినవి నేను చూశాను. ఆ తేడాలో ఎంత భాగం భౌతికశాస్త్రానిదో, ఎంత భాగం కటాఫ్‌దో ఎవరూ చెప్పలేరు. అందుకే తీసివేసే ముందు రెండు ఫోల్డర్లలోని ఇన్‌కార్, కేపాయింట్స్ ఫైళ్లను డిఫ్ కమాండ్‌తో పక్కపక్కన పెట్టి చూడండి.

ఎనర్జీ, వాల్యూమ్ గీత

ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ఒక్క గీతలో లాటిస్ పొడవు (స్ఫటికపు గడి అంచు), బల్క్ మాడ్యులస్ (నొక్కితే ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే అంకె), లెక్క నాణ్యత మూడూ బయటపడతాయి.

సమతాస్థితి వాల్యూమ్‌కి అటూ ఇటూ ఆరు శాతం వరకు ఏడు నుంచి తొమ్మిది వాల్యూమ్‌లు ఎంచుకుని, ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్ పెట్టండి. ఫోల్డర్ల పేర్లు 0.94, 0.96, 0.98 ఇలా ఒకే పొడవులో ఉంటే వరుస తప్పదు. అన్నీ ముగిశాక షెల్‌లో ఒక ఫర్ లూప్ రాయండి. ప్రతి ఫోల్డర్‌లో రెండు అంకెలు తీయాలి. అవుట్‌కార్‌లో 'వాల్యూమ్ ఆఫ్ సెల్' అని ఉన్న చివరి లైన్ నుంచి వాల్యూమ్ ఒకటి. ఓస్జికార్ చివరి లైన్‌లో ఐదో కాలమ్ నుంచి ఎనర్జీ రెండోది. ఈ రెండూ పక్కపక్కన ఒక టెక్స్ట్ ఫైలులోకి వెళ్ళాలి. లూప్ లోపలే పై అంచెలోని కన్వర్జెన్స్ పరీక్ష కూడా పెట్టండి. పాసైన ఫోల్డర్లు మాత్రమే పట్టికలోకి రావాలి.

పట్టికను గ్నూప్లాట్ అనే గీతల టూల్‌లోకి తీసుకుని, వాల్యూమ్‌తో ఎనర్జీ ఎలా మారుతుందో చెప్పే బర్చ్ మర్నఘన్ సమీకరణంతో ఫిట్ చేయండి. ఇక్కడ చాలామంది తడబడతారు. ఫిట్ కమాండ్‌కి మొదటి అంచనాలు ఇవ్వకపోతే గ్నూప్లాట్ అన్నిటినీ 1 అనుకుని మొదలుపెడుతుంది, అక్కడి నుంచి సరైన చోటుకి చేరదు. సిలికాన్‌కి వాల్యూమ్ 41 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు, ఎనర్జీ మైనస్ 10.8, బల్క్ మాడ్యులస్ 0.6, దాని ప్రెషర్ డెరివేటివ్ 4 అని ఇవ్వండి. ఆ 0.6 ఎక్కడిదంటే, ఫిట్‌లో బల్క్ మాడ్యులస్ ఘన ఆంగ్‌స్ట్రామ్‌కి ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో వస్తుంది. దాన్ని 160.22తో గుణిస్తే గిగాపాస్కల్స్ అవుతుంది. ప్రయోగంలో తేలిన విలువ దాదాపు 98 గిగాపాస్కల్స్ కాబట్టి 0.6 మంచి మొదలు.

పీబీఈతో వాల్యూమ్ 40.9 దగ్గర రావాలి. ఘనాకారపు పూర్తి గడిలో ఇలాంటి సెల్‌లు నాలుగు కాబట్టి దాన్ని 4తో గుణించి ఘనమూలం తీస్తే లాటిస్ పొడవు 5.47 ఆంగ్‌స్ట్రామ్‌లు. ప్రయోగపు విలువ 5.43. బల్క్ మాడ్యులస్ 89 చుట్టూ వస్తుంది. బంధాలను కాస్త పొడవుగా, పదార్థాన్ని కాస్త మెత్తగా చూపించడం పీబీఈ స్వభావమే, అందులో మీ తప్పేమీ లేదు. మీకు 5.43 సరిగ్గా వచ్చేస్తే సంతోషించకండి, ఎక్కడో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది. వెతకండి.

ఇదే పట్టికకి మూడో కాలమ్ కలపమని నా సలహా. అవుట్‌కార్‌లో 'ఎక్స్‌టర్నల్ ప్రెషర్' అన్న లైన్‌లో కిలోబార్లలో ఒత్తిడి ఉంటుంది, పది కిలోబార్లు ఒక గిగాపాస్కల్. ఒత్తిడి సున్నా అయ్యే వాల్యూమ్, ఎనర్జీ కనిష్ఠమయ్యే వాల్యూమ్ ఒకటే కావాలి. రెండూ దూరంగా ఉంటే కటాఫ్ చాలలేదు. కటాఫ్ పెంచి మళ్ళీ రన్ చేయండి, రెండూ దగ్గరికి వస్తాయి. అదనపు ఖర్చు లేకుండా దొరికే ఇంత మంచి పరీక్షను ఎవరూ వదులుకోకూడదు.

డెన్సిటీ ఆఫ్ స్టేట్స్

ఏ ఎనర్జీ దగ్గర ఎలక్ట్రాన్లకు ఎన్ని స్థితులున్నాయో చెప్పేది ఇది, పొట్టిగా డాస్. దీనికి టెట్రాహెడ్రన్ పద్ధతి (ఇస్‌మియర్ మైనస్ 5), దట్టమైన కే పాయింట్లు వాడండి. డాస్‌కార్‌లో మొదటి ఐదు లైన్లు హెడర్. ఆరో లైన్‌లో గరిష్ఠ ఎనర్జీ, కనిష్ఠ ఎనర్జీ, బిందువుల సంఖ్య, ఫెర్మీ లెవెల్ (ఎలక్ట్రాన్లు నిండే పై హద్దు) వరుసగా ఉంటాయి. ఏడో లైన్ నుంచి డేటా. స్పిన్ లేని లెక్కలో మూడు కాలమ్‌లు: ఎనర్జీ, డెన్సిటీ, అప్పటిదాకా కూడిన మొత్తం. ఎనర్జీలు ఫెర్మీ లెవెల్ తీసేయకుండా ఉంటాయి కాబట్టి ఆ తీసివేత ఆక్‌లో మీరే చేయాలి.

బొమ్మ గీసే ముందు మూడో కాలమ్ చూడండి. గ్యాప్ లోపల, అంటే డెన్సిటీ సున్నా ఉన్న చోట, ఆ మొత్తం సరిగ్గా 8 ఉండాలి. సిలికాన్‌కి నాలుగేసి వాలెన్స్ ఎలక్ట్రాన్లు, సెల్‌లో రెండు పరమాణువులు, అందుకే 8. వేరే అంకె వస్తే మీరు తప్పు కాలమ్‌ని చదువుతున్నారు, లేదా ఒక్కో పరమాణువుకి విడిగా రాసే తర్వాతి బ్లాకులోకి వెళ్ళిపోయారు. స్పిన్ ఉన్న లెక్కలో కాలమ్‌లు ఐదు. అప్పుడు నాలుగు, ఐదు కాలమ్‌లు కలిపితే 8 రావాలి.

గ్యాప్‌ని మాత్రం డాస్ నుంచి చదవకండి. ఎన్‌ఈడాస్ (బిందువుల సంఖ్య చెప్పే సెట్టింగు) ఏమీ ఇవ్వకపోతే బిందువులు 301. 25 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల పరిధిని 301 బిందువులకి పంచితే ఒక్కో అడుగు 0.08. గ్యాప్ 0.6 ఉన్న చోట రెండు అంచుల్లోనూ ఆ మేరకు తప్పు అంటే చిన్న విషయం కాదు. బొమ్మకైనా సరే 3001 పెట్టుకోండి.

బ్యాండ్లు, అసలు గ్యాప్

బ్యాండ్ల లెక్క ముందు చేసిన లెక్క చార్జ్ డెన్సిటీని చదువుకుని (ఐచార్జ్ 11) ఒక దారి వెంట మాత్రమే కే పాయింట్లు తీసుకుంటుంది. ఈ ఫోల్డర్‌లో ప్రింట్ అయ్యే ఫెర్మీ లెవెల్‌ని నమ్మవద్దు. దారి మీది బిందువులు బ్రిలువాన్ జోన్ (కే పాయింట్లన్నీ ఉండే ప్రదేశం) మొత్తానికి సమానంగా ప్రాతినిధ్యం వహించవు, వాటితో లెక్కించిన ఫెర్మీ లెవెల్ పక్కకి జరుగుతుంది. మొదటి, ఒకే విధంగా పరచిన కే పాయింట్ల లెక్కలో అవుట్‌కార్ నుంచి 'ఈ ఫెర్మీ' విలువ తీసి ఇక్కడ వాడండి.

గ్యాప్ కోసం ఐగెన్‌వాల్ ఫైలు తెరవండి. ఆరో లైన్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్య, కే పాయింట్ల సంఖ్య, బ్యాండ్ల సంఖ్య ఉంటాయి. ఎలక్ట్రాన్లు 8, ఒక్కో బ్యాండ్‌లో ఇద్దరికి చోటు, కాబట్టి నిండినవి నాలుగు. ఆక్‌కి చెప్పాల్సింది ఇంతే: మొదటి ఏడు లైన్లు వదిలెయ్యి, మూడు కాలమ్‌లున్న లైన్లు మాత్రమే చూడు, మొదటి కాలమ్ 4 అయితే రెండో కాలమ్‌లోని గరిష్ఠాన్ని, 5 అయితే కనిష్ఠాన్ని గుర్తుపెట్టుకో, చివర తేడా ప్రింట్ చెయ్యి. కే పాయింట్ రాసిన లైన్లలో నాలుగు కాలమ్‌లు ఉంటాయి కాబట్టి అవి అడ్డురావు. నాలుగు కాలమ్‌ల లైన్ వచ్చినప్పుడల్లా ఆ మూడు కోఆర్డినేట్లను దాచుకోమని చెప్తే, గరిష్ఠం, కనిష్ఠం ఏ కే పాయింట్ల దగ్గర వచ్చాయో కూడా తెలుస్తుంది. స్పిన్ ఆర్బిట్ కలిపిన లెక్కలో ఒక్కో బ్యాండ్‌లో ఒక్క ఎలక్ట్రానే ఉంటుంది, అప్పుడు 4, 5 బదులు 8, 9 రాయాలి.

సిలికాన్‌కి గరిష్ఠం గామా (ఆ జోన్ కేంద్రం) దగ్గర, కనిష్ఠం గామా నుంచి ఎక్స్‌కి (జోన్ అంచు మీది బిందువు) వెళ్ళే దారిలో దాదాపు 85 శాతం దగ్గర రావాలి. గ్యాప్ 0.6 చుట్టూ. ప్రయోగంలో చాలా తక్కువ ఉష్ణోగ్రతల దగ్గర 1.17, గది ఉష్ణోగ్రత దగ్గర 1.12. పీబీఈ గ్యాప్‌ని సగానికి తగ్గించి చూపించడం అందరికీ తెలిసిన లోపమే. ప్రయోగపు విలువకి దగ్గరగా కావాలంటే హెచ్‌ఎస్‌ఈ06 లాంటి హైబ్రిడ్ ఫంక్షనల్‌కి వెళ్ళాలి. మీ కనిష్ఠం సరిగ్గా ఎక్స్ దగ్గరే వచ్చిందంటే ఆ దారిలో బిందువులు మరీ తక్కువ పెట్టారు. ఇరవైకి తగ్గకుండా పెట్టండి.

ఇప్పుడు బొమ్మ గీయండి. వాస్ప్‌కిట్‌లో హైఫన్ టాస్క్ 211 బ్యాండ్ల డేటాని, 111 మొత్తం డాస్‌ని విడదీసి ఇస్తుంది. పత్రికకి పంపే నాణ్యత కావాలంటే పైథాన్‌తో నడిచే సుమోలో బ్యాండ్‌ప్లాట్, డాస్‌ప్లాట్ కమాండ్లు ఉన్నాయి. ఏ టూల్ వాడినా సున్నాని ఎక్కడ పెట్టిందో చూడండి. కొన్ని వాలెన్స్ బ్యాండ్ పైఅంచు దగ్గర పెడతాయి, కొన్ని ఫెర్మీ లెవెల్ దగ్గర. బ్యాండ్లు ఒక టూల్‌తో, డాస్ ఇంకో టూల్‌తో గీసి పక్కపక్కన అతికిస్తే రెండూ కలవకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. టూల్ ఇచ్చిన గ్యాప్, మీ ఆక్ ఇచ్చిన గ్యాప్ మూడో దశాంశం దాకా కలవాలి.

బేడర్ చార్జ్ గురించి క్లుప్తంగా

బేడర్ పద్ధతి ఎలక్ట్రాన్ డెన్సిటీని పరమాణువుల వారీగా పంచుతుంది. పరమాణువుల మధ్య చార్జ్ ఎంత మారిందో చూడాలంటే, సిలికాన్‌లో ఏమీ తెలియదు, రెండూ ఒకే రకం. ఏదైనా ఆక్సైడ్ తీసుకోండి. ఇన్‌కార్‌లో ఎల్‌ఏఈచార్జ్ ఆన్ చేస్తే కోర్ ఎలక్ట్రాన్ల డెన్సిటీ, వాలెన్స్ డెన్సిటీ రెండు విడి ఫైళ్లలో (ఏఈసీకార్ 0, 2) వస్తాయి. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో హెంకెల్‌మన్ బృందం ఇచ్చే చిన్న స్క్రిప్ట్‌తో ఆ రెండూ కూడి, బేడర్ ప్రోగ్రామ్‌కి చార్జ్ ఫైలుతోపాటు ఆ మొత్తాన్ని రిఫరెన్స్‌గా ఇవ్వండి. రిఫరెన్స్ లేకుండా రన్ చేస్తే కేంద్రకం దగ్గర డెన్సిటీ శిఖరం కనబడక హద్దులు తప్పు చోట పడవచ్చు. బేడర్ ప్రోగ్రామ్ రాసే ఏసీఎఫ్ ఫైలు చివర మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్య ఉంటుంది, అది మీ సెల్‌లోని వాలెన్స్ ఎలక్ట్రాన్ల సంఖ్యతో కలవాలి. కలిశాకే ఒక్కో పరమాణువు చార్జ్‌ని పొటెన్షియల్ ఫైలులోని జడ్‌వాల్ (ఆ పరమాణువు వాలెన్స్ ఎలక్ట్రాన్ల సంఖ్య) నుంచి తీసివేయండి.

అంతా ఒక స్క్రిప్ట్‌లో పెట్టడం

ఇప్పటిదాకా టైప్ చేసిన కమాండ్లను హిస్టరీ నుంచి తీసి ఒక బ్యాష్ ఫైలులో వరుసగా పెట్టండి. పైన సెట్ హైఫన్ ఈ అని ఒక లైన్ ఉంచితే ఏ కమాండ్ విఫలమైనా స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది, సగం డేటాతో ముందుకు పోదు. వెతికిన మాట దొరకనప్పుడు గ్రెప్ కూడా విఫలమైనట్టే లెక్క, అది గుర్తుంచుకుని రాయండి. దొరక్కపోవడమే మంచి జవాబైన చోట ఇఫ్ లోపల పెట్టండి.

స్క్రిప్ట్ రాసే ఫలితాల ఫైలులో మొదటి లైన్లుగా తేదీ, అవుట్‌కార్ మొదటి లైన్‌లో ఉండే వాస్ప్ వెర్షన్, వాడిన టూల్స్ వెర్షన్లు, ఇన్‌పుట్ ఫైళ్ల ఎండీ5 సమ్‌లు (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే అంకెలు) రాయించండి. తర్వాత స్క్రిప్ట్‌ని, ఇన్‌పుట్ ఫైళ్లను, ఆ చిన్న ఫలితాల ఫైలుని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టండి. పెద్ద చార్జ్ ఫైళ్లను, లైసెన్స్ ఉన్న పొటెన్షియల్ ఫైళ్లను మాత్రం గిట్ ఇగ్నోర్‌లో చేర్చండి. చివరిగా, సిలికాన్ ఫోల్డర్‌ని ఆ రిపాజిటరీలో అలాగే ఉంచేయండి. స్క్రిప్ట్‌లో ఏ మార్పు చేసినా ముందు దాని మీద రన్ చేసి వాల్యూమ్ 40.9, ఎలక్ట్రాన్లు 8, గ్యాప్ 0.6 మళ్ళీ వచ్చాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే మీ కొత్త పదార్థం మీద నడపండి.